ఆ దేవుణ్ణి ఎక్కడ ఉంచారు?

ఉమ్మ్ అల్ హస్సామ్, బహ్రెయిన్

అత్తయ్యకు మేనల్లుడు భీమరాజు నమస్కరించి రాసేది.

నేను క్షేమం. మావయ్య మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోనులో అన్న మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టమన్నారు కాబట్టి రాస్తున్నాను: వైశాఖంలో ముహూర్తానికి నా సెలవు ఖాయం. ఊరొస్తున్న బుల్లబ్బాయి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నాకు పని మారింది. మనామా సందుల్లో తాతల నాటి చర్చి ఒకటుంది. జనం పెరిగి వాళ్ళు వేరేచోట పెద్దది కట్టుకున్నారు. పాతదాన్ని పడగొట్టకుండా, చుట్టుపక్కలవాళ్ళు బొమ్మలు, పాట, నాట్యం నేర్చుకునే చోటుగా మారుస్తున్నారు. బెంచీలు తీసేసి, ప్రార్థన చేసిన చోట చెక్క స్టేజీ వేయడం నా వంతు. ఇంత పాత దూలాల కింద నేనెప్పుడూ పని చేయలేదు. చేతికి పండగలా ఉంది.

మీ ఆశీస్సులు కోరే
భీమరాజు

తా.క. దుర్గ పంపిన సున్నుండలు అందాయి. వాసన చూసేలోగా రూమువాళ్ళు ఖలాస్ చేశారు.

*

చిరంజీవి భీమరాజును దీవించి మీ అత్త రాసేది.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. చర్చి అయితేనేం, కోవెల అయితేనేం, దేవుడున్న ఇల్లే కదా. మన రామాలయం బాగుచేయించినప్పుడు ఏం చేశారో మరిచావా? పంతులుగారు మంత్రం చదివి రాములవారిని కలశంలోని నీళ్ళలోకి పిలిచారు. పక్కన పాక వేసి, కలశాన్ని అందులో ఉంచి, పని ముగిసేదాకా రోజూ దీపం పెట్టారు.

మరి ఆ చర్చి దేవుణ్ణి ఎక్కడ ఉంచారు? ఎవరు చూస్తున్నారు? గంట ఉందా? ఉంటే ఎవరు కొడుతున్నారు? కనుక్కో. తెలిసేదాకా మేకు కొట్టకు. దేవుణ్ణి వీధిలో నిలబెట్టినవాడికి నా పిల్లనివ్వను.

ఇక్కడ నా అవస్థ నాకుంది. మా పెళ్ళిలో మా నాన్న మీ మావయ్య కాళ్ళు కడిగిన ఇత్తడి చెంబు, రేపు నీ కాళ్ళు కడగాల్సినది, అటక మీద నుంచి మాయమైంది. వెతకని మూల లేదు.

నీ మేలు కోరే
సుబ్బాయమ్మ

తా.క. బావా, అమ్మ కవరు అంటించేలోగా రాస్తున్నాను. స్టేజీ ఎంత వెడల్పు? – దుర్గ

*

అత్తయ్యకు భీమరాజు వణుకుతూ రాసేది.

అడిగాను. మా ఇంజనీరు అనురాగ్ గారు డ్రాయింగులో దేవుడు లేడు, యల్లా, పద పద, పని కానీ అన్నారు. కొత్త చర్చికి వెళ్ళి ఫాదర్‌గారిని అడిగితే ఆయన నవ్వలేదు. చివరి ప్రార్థన చేసి సెలవు తీసుకున్నామని, దేవుడు తమతోనే వచ్చాడని చెప్పారు. మొత్తం వచ్చాడా, కొంచెం మిగిలాడా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఎందుకైనా మంచిదని, నా దగ్గరున్న చెంబులో నీళ్ళు పోసి, మామిడాకులు దొరక్క నిమ్మాకులు వేసి, కిటికీ గూట్లో పెట్టాను. మిగిలి ఉంటే ఇందులోకి రండి స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను. ఆ తరవాతే మేకు కొట్టాను.

ఈ చోటు నడపబోయే నూరా మేడం అది చూసి ఏమిటన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో "గాడ్ ఇన్‌సైడ్, నో టచ్" అన్నాను. ఆవిడ వంగి చూసి, ఫోటో తీసుకుని, నాకు థాంక్స్ చెప్పారు. ఎందుకో తెలియదు.

పెళ్ళి మీద ఆశ వదలని
భీమరాజు

తా.క. దుర్గకు: నలుగురు పక్కపక్కన నాట్యం చేసేంత వెడల్పు.

*

భీమరాజుకు అత్త రాసేది.

నిన్నెవరు పిలవమన్నారు? నేను కనుక్కోమన్నాను గానీ పంతులువి కమ్మన్నానా? పిలిచాక ఊరుకుంటే కుదరదు. రోజూ దీపం, నైవేద్యం జరగాలి. పిలిచినవాడే చూసుకోవాలి. ఇంకొకరికి అప్పగించేదాకా నువ్వు ఆ గుమ్మం దాటకూడదు. మరి వైశాఖంలో ఎలా వస్తావు? ముహూర్తం ఆపించాను. దుర్గ నాతో మాట్లాడటం లేదు.

కోపంగా ఉన్నా నీ అత్తనే,
సుబ్బాయమ్మ

తా.క. వాళ్ళ దేవుడికి ఏం ఇష్టమో అడుగు. పులిహోర తింటాడా?

తా.క. బావా, నీళ్ళు మారుస్తున్నావా? దోమలు గుడ్లు పెడతాయి. – దుర్గ

*

అత్తయ్యకు భీమరాజు సంతోషమో భయమో తెలియక రాసేది.

రోజూ ఖర్జూరం పెట్టాను. మధ్యాహ్నానికి ఉండేది కాదు. దేవుడు తిన్నాడో, నాతో పనిచేసే గంగన్న తిన్నాడో చెప్పలేను.

నిన్న కళాకేంద్రం తెరిచారు. వెళ్ళి చూస్తే మన చెంబు కిటికీలో లేదు. హాలు మధ్యలో తెల్లటి దిమ్మ మీద, పైన లైటుతో, చుట్టూ తాడుతో ఉంది. పక్కన చీటీ మీద నా పేరు. నేను చేసిన కళ అనుకున్నారు. జనం మాట్లాడుకుంటూ వస్తున్నారు, దాని దగ్గర ఆగి మౌనంగా నిలబడుతున్నారు. ఫాదర్‌గారు కూడా వచ్చి తల వంచారు. నాకు కళ్ళు చెమర్చాయి.

నిజం చెప్పాను. మేడం నవ్వారు, కానీ చెంబు ఇవ్వనన్నారు. రోజూ నీళ్ళు మారుస్తారట. లైటు ఆర్పరట. కాపలా ఉంది. ఇక అప్పగించినట్టేనా? పైగా ఈ ఆలోచన మీదేనని తెలిసి, అలాంటి చెంబును మీ ఇళ్ళలో ఎలా వాడతారో స్టేజీ మీద అందరికీ చూపించడానికి మిమ్మల్ని, ఇంటివాళ్ళను రమ్మన్నారు. టికెట్లు, వీసాలు కేంద్రమే చూసుకుంటుందట.

మీ జవాబు కోసం చూసే
భీమరాజు

తా.క. చెంబు ఫోటో జత చేశాను.

*

చిరంజీవి భీమరాజును దీవించి అత్త రాసేది.

పంతులుగారిని అడిగాను. మంత్రం లేకుండా పోస్తే నీళ్ళు నీళ్ళేనట. కాబట్టి ఆ దేవుడు ఫాదర్‌గారితోనే వెళ్ళాడు, నీకు దోషం లేదు.

కానీ ఫోటోలో అంచు మీద సొట్ట చూశాను. అది నా చిన్నప్పుడు నేను బావిలో జారవిడిస్తే పడ్డ సొట్ట. కాళ్ళు కడిగే చెంబులో దేవుణ్ణి కూర్చోమన్నవాడివి లోకంలో నువ్వొక్కడివే. ఆ చెంబు లేనిదే పెళ్ళి లేదు. మేడంగారు ఇవ్వనన్నారు కదా. ఎలా వాడతారో చూపించమన్నారు కూడా కదా. చూపిస్తాం. నిన్ను ఆ స్టేజీ మీద పీటల మీద కూర్చోబెట్టి, మీ మావయ్య చేత నీ కాళ్ళు కడిగిస్తాను. ఎన్నో పెళ్ళిళ్ళు చూసిన ఇల్లు, ఇంకొకటి చూస్తుంది. పంతులుగారికీ టికెట్టు అడుగు.

అక్షతలతో వచ్చే
సుబ్బాయమ్మ

తా.క. బావా, నలుగురు నాట్యం చేసే చోట రెండు పీటలు పడతాయిలే. సున్నుండలు డబ్బాలోనూ పట్టేవి. చెంబు నీ దగ్గరుంటే దాన్ని తేవడానికైనా వస్తావని అందులో నింపి పంపాను. అది అక్కడే ఉండిపోయింది. నేనే వస్తున్నాను. – దుర్గ