విమానం ఎక్కాను, ఆట మానను

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. నేను అక్కావాళ్లింటికి వెళ్తున్నాను. దారంతా ఆడుకుంటూ పోతాను కాబట్టి ఫోన్ కలవదు.

నా ఆట మాన్పించాలని వైఫై పాస్‌వర్డ్ మార్చారు కదా! ఫోన్‌లో విమానం బొమ్మ నొక్కితే ఈ ఆట నెట్ లేకుండానే నడుస్తోంది, మధ్యలో ప్రకటనల గోల కూడా లేదు. విమానం పెట్టాం గానీ ఆట మానం!

మీరు పొద్దస్తమానం వార్తలు చూస్తే లోకజ్ఞానం, నేను కాసేపు రంగు గోళీలు పేలిస్తే వ్యసనమా? పాత పాస్‌వర్డ్ పెట్టేదాకా ఇంట్లో కూడా విమానం దిగను. పక్క గదిలోంచి ఫోన్ చేసి టీ అడగడం ఇక కుదరదు.

తా.క.: మీ ఫోన్‌లోనూ ఇదే ఆట చూశాను. మీరు చిక్కుకుపోయిన లెవెల్ నేనెప్పుడో దాటేశాను. పక్కన కూర్చుని అడిగితే నేర్పిస్తాను. అడగాలి మరి!