పదమూడున్నర పైపు

గన్నవరం,
శనివారం.

చిరంజీవి పవన్‌కుమార్‌ను అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. నేను మాత్రం తింటున్నాను, తిరుగుతున్నాను. విశాఖలో నీకు వేళకింత అన్నం దొరుకుతోందనుకుంటాను. ఫోను ఆపేసుకున్నావు కాబట్టి ఈ ఉత్తరం వెంకటప్పయ్య మామయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

పోయినసారి మామయ్యతో నువ్వు పంపిన ఉత్తరం చదివాను. నీ రాత ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది. కొట్టు తెరుస్తున్నానా అని అడిగావు. తెరవడం లేదు. ఎవరి మొహం చూడాలన్నా భయంగా ఉంది. లాయరుగారు ఏమన్నారని అడిగావు. ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండమన్నారు. ప్లంబరు పాల్ ఏమైనా నోరు విప్పాడా అని అడిగావు. దానికి జవాబు తర్వాత చెబుతాను. ఇన్ని అడిగినవాడివి, ఆ పిల్ల ఎలా ఉందని ఒక్క ముక్క రాయలేదేంరా? అంత మొద్దుబారిపోయావా?

భానుశ్రీ గురువారం పొద్దున పోయింది. హాస్టల్ బాత్‌రూములో వేడినీళ్ళ పైపు పగిలి ఒళ్ళు కాలిన దగ్గర్నుంచి ఆసుపత్రిలో ఆ పిల్ల పడిన బాధ నీకు రాయలేను.

హాస్టల్ వాళ్ళ ఇంజనీరు ఒకాయన మనింటికి వచ్చి సంగతంతా విడమరిచి చెప్పాడు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ మనం అమ్మింది పొలాల పైపులే. రైతులు ఆరు కిలోల పైపు, పది కిలోల పైపు అని అడిగేవారు. కిలోలంటే అది తట్టుకునే నీళ్ళ ఒత్తిడి. అంకె పెద్దదైతే పైపు గట్టిది. ఆ లెక్క మనకు ఒంట్లో ఇంకిపోయింది. వేడినీళ్ళ పైపు మీద ఉండే ఎస్‌డీఆర్ అంకె అలాంటిది కాదట. పైపు బయటి అడ్డకొలతను గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె అది. అంకె పెరిగేకొద్దీ గోడ పలచబడుతుంది. ఆయన పదకొండు పైపు, పదమూడున్నర పైపు ఒక్కో ముక్క నా చేతికిచ్చాడు. బయటికి రెండూ ఒకటే. మలుపు దగ్గర వేసే ఒకే ఎల్బోలో రెండూ చక్కగా కూర్చున్నాయి. కోసిన అంచు మీద వేలు పెట్టి చూస్తే గానీ తేడా తెలియలేదు. హాస్టల్ మేడ మీద ప్రెషర్ పంపు ఉంది. ఆ తోపుడుకీ ఆ వేడికీ పలచటి గోడ ఆగలేదు.

తెలియక చేసినదానికి నిన్ను తిట్టను. కౌంటర్లో నీ పక్కన కూర్చున్న నాకూ తెలియదు. హాస్టల్ పనికి పాల్ పదకొండే అడిగాడు. “పదకొండు అయిపోయింది పాల్, పదమూడున్నర పట్టుకెళ్ళు, ఇంకా గట్టిది” అన్నావు. ఇన్నేళ్ళుగా మన కొట్టునే నమ్ముకున్న ప్లంబరు, తలూపి పట్టుకెళ్ళాడు. అతనికీ తెలియదు. కానీ పోలీసులు అడిగితే పాల్ అడిగిందే ఇచ్చానన్నావు చూడు, అది తెలియక అన్నది కాదు. నన్ను అడిగితే నేనేమీ వినలేదన్నాను. కన్నకొడుకువి కదా అని నోరు కుట్టేసుకున్నాను. పాల్‌ను రిమాండుకు పంపారు.

నిన్న కొండపల్లి వెళ్ళాను, భానుశ్రీ వాళ్ళింటికి. నేనెవరో వాళ్ళకు తెలియదు. హాస్టల్ తాలూకు మనిషిననుకుని ఆ తల్లి చాప వేసి కూర్చోబెట్టింది. ఎండన పడి వచ్చానని మంచినీళ్ళు తెప్పించింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. కాసేపటికి నా వైపు చూడకుండానే అంది.

“ఆ పైపేసినోడి పిల్లలు కూడా ఇట్టాగే ఉడికి చావాలండీ.”

పాల్‌కు ఇద్దరూ ఆడపిల్లలే. ఆ తిట్టు పడాల్సింది మనింటి మీద. ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి లేచి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. పాల్ మొదటిరోజే నోరు విప్పాడు, ఎవరూ నమ్మలేదు. అందుకని నేను విప్పాను. కొండపల్లి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళి, ఆ రోజు కౌంటర్లో విన్నదంతా చెప్పి సంతకం పెట్టాను. ముందు నేను చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. లాయరుగారు తల పట్టుకున్నారు. నువ్వెక్కడున్నావో మాత్రం చెప్పలేదు. నా కొడుకు తనంతట తనే వస్తాడన్నాను. ఎస్సైగారు సోమవారం దాకా ఆగుతానన్నారు.

నన్ను ఎంతైనా తిట్టుకో నాన్నా. నిన్ను పట్టించి నేను హాయిగా ఉన్నానని మాత్రం అనుకోకు.

నువ్వు ఇది చదివేసరికి మామయ్య కింద కారులో కూర్చుని ఉంటాడు. దిగి వెళ్ళు. స్టేషనులో నిజం నీ నోటితోనే చెప్పు. రానంటే మామయ్య బలవంతపెట్టడు, ఒక్కడే తిరిగి వస్తాడు. అప్పుడు నువ్వున్న ఇంటి నంబరు నేనే వెళ్ళి రాసిచ్చి వస్తాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
సీతారావమ్మ