కనిపించని రంగుకాగితాలు

మార్చి 3, మంగళవారం

ఈరోజు నా కన్ఫెట్టీ రిలీజైంది. ఎవరైనా పార్టీ అడిగితే ఇచ్చేసేంత సంతోషంగా ఉంది. ఎవరూ అడగలేదు.

మా యాప్ పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ల కోసం. స్క్రీన్ మీద బొమ్మ కనిపిస్తుంది, దాని పేరు పైకి చెప్పాలి. ఫోను వింటుంది, ఒప్పయినా తప్పయినా తర్వాతి బొమ్మకి తనే వెళ్తుంది. పాఠానికి ఇరవై మాటలు. ఇన్నాళ్లూ సరిగ్గా చెప్పినవాళ్లకి ఓ మూల పచ్చ టిక్కు వచ్చి పోయేది. పోయిన మాట తిరిగొస్తే ఒక టిక్కా? నాకు ఒళ్లు మండింది. అందుకని మాట సరిగ్గా వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ నిండా కన్ఫెట్టీ, అంటే రంగుకాగితాలు, కురిసేటట్టు చేశాను. రెండు సెకన్లు కురిసి మెల్లగా మాయమవుతాయి. డిజైనర్ చూసి ఇది మరీ అతి అన్నాడు. మా టీమ్ లీడ్ తన అలవాటు కొద్దీ తర్వాత చూద్దాం అన్నాడు. ఆఫీసులో ఆయన పేరే 'తర్వాత చూద్దాం'. నేను తర్వాత దాకా ఆగలేదు.

ఇది ఎవరూ చదవరు కనక నిజం రాసుకుంటాను. ఆ కన్ఫెట్టీ ఊరందరి కోసం చేసింది కాదు. మా మావయ్య కోసం చేశాను.

మార్చి 5, గురువారం

మావయ్య ఇరవై ఆరేళ్లు రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. ఈ ఊళ్లో రైలెక్కిన ప్రతివాడూ ఆయన మాట విన్నవాడే. నాకు ఉద్యోగం దొరికి వాళ్లింట్లో దిగిన మొదటి వారంలోనే ఒకరోజు భోజనానికి ఆలస్యంగా వచ్చాను. ఆయన గరిటె మైకులా పట్టుకుని మొదలుపెట్టాడు. దయచేసి వినండి, ఎనిమిది గంటలకు రావలసిన మేనకోడలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చుచున్నది, మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద భోజనం చల్లారిపోవుచున్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని. మూడో ప్లాట్‌ఫారం అంటే కిటికీ పక్కన నా కుర్చీ. రెండోది ఆయనది. ఒకటోది అత్తది, అక్కడ ఇంకెవరూ కూర్చోకూడదు. ఆ తర్వాత నేను ఆ ప్రకటన వినడానికే ఎన్నిసార్లు ఆలస్యం చేశానో అత్తకి తెలియదు.

నవంబరులో మాట పడిపోయింది. కుడి చెయ్యి కూడా. చెయ్యి కొంత కోలుకుంది. మాట మాత్రం మనుషుల ముందు అసలు రాదు. పెదవి కదిలీ కదలకముందే మూసేసుకుంటాడు. గొంతుతో బతికిన మనిషికి సిగ్గు కాదా మరి. గదిలోకి వెళ్లి, తలుపేసి, రేడియో గట్టిగా పెట్టి, ఎవరికీ వినపడకుండా మా యాప్‌తో ప్రాక్టీసు చేస్తాడు. మొదటి పాఠం నాలుగు రోజుల్లో అయిపోయింది.

మార్చి 6, శుక్రవారం

ఆఫీసులో పెద్ద తగువు. ఫోను స్క్రీన్ చూడ్డానికి పలకలా చదునుగా ఉంటుంది గానీ లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు. ఎవరి పొర పైన ఉండాలో ఒక నంబరు చెబుతుంది. చాట్ బటన్ రాసినవాడు 99 వేశాడట. నోటిఫికేషన్లు రాసినవాడు దాన్ని మించాలని 999 వేశాడు. ఇంకెవరో 9999. అందరూ బస్సులో కిటికీ సీటుకి రుమాలు వేసేవాళ్లే. లీడ్ అందర్నీ కూర్చోబెట్టి, ఈ నంబర్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

నేను నోరు మెదపలేదు. నా కన్ఫెట్టీ నంబరు 10001.

మార్చి 10, మంగళవారం

అత్త వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. మావయ్య ఫోను చార్జింగుకి పెట్టేటప్పుడు రోజూ చూస్తోందట. ఆరు రోజులుగా అదే రెండో పాఠం. అంగుళం కదల్లేదు. ఇవాళయితే గదిలోకే వెళ్లలేదు, ఫోను సొరుగులో పడేశాడు.

వెళ్లి అడిగాను. కుడి చూపుడువేలు నా ముఖం ముందు పెట్టి, అడ్డంగా తలూపాడు. సంగతి అర్థమైంది. పాఠం చివర 'తర్వాతి పాఠం' అనే బటన్ నొక్కాలి. ఏది నొక్కినా కుడి వేలితోనే, ఎడమ చెయ్యి పెడితే ఊరుకోనని ఫిజియోథెరపిస్ట్ గట్టిగా చెప్పాడు. మావయ్యకి ఆ వేలు పనిచెయ్యడం లేదు. పాపం, అంతే.

ఇంజినీరు ఇంట్లో ఉండగా బెంగెందుకు? బటన్ పెద్దది చేస్తాను.

మార్చి 11, బుధవారం

అరచెయ్యంత చేశాను. మావయ్య ఫోనులో ఎక్కించాను. అరగంట తర్వాత గదిలోంచి వచ్చి, నా వైపు చూడకుండా ఫోను మళ్లీ సొరుగులో పెట్టాడు.

మార్చి 13, శుక్రవారం

స్పీచ్ టీచరు వచ్చి వెళ్లింది. ప్రాక్టీసు ఆగిపోయిందని తెలిసి కంగారుపడింది. ఈ నెలలే ముఖ్యం అంది, ఇప్పుడు వదిలేస్తే వచ్చిన నాలుగు మాటలూ జారిపోతాయి, మళ్లీ పట్టుకోవడం కష్టం అంది. ఆమె చెబుతున్నంతసేపూ మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అత్త ఆమెని గుమ్మం దాకా సాగనంపి, వచ్చి, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

నాకు భయమేసింది. ఆ గొంతు ఇక వినబోనేమో అని ఇవాళ మొదటిసారి అనిపించింది.

మార్చి 14, శనివారం

పొద్దున ముగ్గురం కూరగాయలకి బయల్దేరాం. మా లిఫ్టు బటన్ ఒక మొండి ఘటం. నేను బొటనవేలితో కుమ్మితే గానీ వెలగదు. మావయ్య ముందు నడుస్తున్నాడు. వెళ్లి, కుడి చూపుడువేలితో, ఒకే ఒక్కసారి నొక్కాడు.

వెలిగింది.

నేను అక్కడే నిలబడిపోయాను. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, అత్త లోపలికి రావేమే అని మూడుసార్లు పిలిచింది. ఆ వేలు భేషుగ్గా ఉంది! పాడైంది మా బటనే. నాలుగు రోజులుగా నేను బాగున్న వేలి కోసం బటన్ పెంచుతున్నాను. నాకిచ్చే జీతం వెనక్కి తీసుకోవాలి.

మార్చి 15, ఆదివారం, ఉదయం 10

బతిమాలాను. ఒక్కసారి, ఇదే ఆఖరు, ఇక నా నోటివెంట ఫోను మాట రాదు అన్నాను. చివరికి ఒక వేలు ఎత్తాడు. ఒక్కసారే అని. తలుపేసుకున్నాడు, రేడియో పెట్టాడు. పాఠం అయ్యాక యాప్ మూసెయ్యకుండా అలాగే తెమ్మని తలుపు సందులోంచి అరిచాను.

10.40

పరీక్ష హాలు బయట తల్లిలా కూర్చున్నాను. అత్త రెండుసార్లు వచ్చి చూసి, గోళ్లు కొరకొద్దు అని కోప్పడి వెళ్లింది. తను కొరుక్కున్నవి నేను చూశాను.

మధ్యాహ్నం 2

మెల్లగా రాయాలి.

మావయ్య వచ్చి ఫోను నా ఒళ్లో పడేశాడు. వేలు చూపించి తలూపాడు. స్క్రీన్ మీద ఇరవయ్యో బొమ్మ, దాని కింద అరచెయ్యంత బటన్. నేను నొక్కాను. కదల్లేదు. నా వేలికీ కదల్లేదు!

కేబుల్ పెట్టి లాప్‌టాప్‌కి తగిలించాను. స్క్రీన్‌ని పక్కకి వంచి, లోపలి పొరలన్నీ విడదీసి చూపించే టూల్ ఒకటుంది. తెరిచాను. అడుగున బొమ్మ, దాని మీద బటన్. బటన్ పైన గాజు పలకల్లాంటి ఖాళీ పొరలు, ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉన్నాయి. ఒక పొర మీద క్లిక్ చేసి పేరు చూశాను. కన్ఫెట్టీ. ఇంకొకటి. అదీ కన్ఫెట్టీయే.

నేను చేసిన ఘనకార్యం ఇది. రంగుకాగితాలు కురిశాక వాటిని కనపడకుండా చేశాను గానీ, ఆ పొరని తీసెయ్యలేదు. మర్చిపోయాను. రంగులన్నీ పోయి, పొర మాత్రం అక్కడే, అందరికన్నా పైన, 10001 నంబరుతో దర్జాగా కూర్చుంది. వేలు పడితే ముందు దాని మీదే పడుతుంది. కింద బటన్ ఎంత పెద్దదైతే ఏం లాభం?

తల కొట్టుకోబోయి, ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

ఇరవై.

మాట సరిగ్గా వస్తేనే కన్ఫెట్టీ పడుతుంది. పాఠంలో ఉన్నవే ఇరవై మాటలు.

అప్పుడు మిగతాది కూడా తట్టింది. ఒక్క తప్పు పలికినా, పాఠం చివర 'మళ్లీ ప్రయత్నిద్దాం' అనే కొత్త స్క్రీన్ దానంతటదే తెరుచుకుంటుంది, పాత పొరలన్నీ పోతాయి, అక్కణ్ణుంచి దారి ఉంది. మొదటి పాఠంలో మావయ్య అలాగే దాటాడు. ఒక్క తప్పు కూడా లేనివాళ్లకే బటన్. వాళ్లే అక్కడ ఇరుక్కుంటారు. మార్కులు చూపించేది ఆ బటన్ నొక్కాకే. పాఠం అయినట్టు యాప్ గుర్తుపెట్టుకునేదీ అప్పుడే. మూసి తెరిస్తే మళ్లీ మొదటికి. అంటే ఈయన రోజుల తరబడి గదిలో కూర్చుని, ఇరవైకి ఇరవై చెప్పి, వేలు చచ్చిపోయిందనుకుని బయటికొస్తున్నాడు.

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియలేదు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఒక్కొక్క పొరా ముట్టుకోమన్నాను. ఇది కుర్చీ మావయ్యా, సరిగ్గా చెప్పావు. ఇది గొడుగు, సరిగ్గా చెప్పావు. ఇది తాళంచెవి. ఆయన వేలు ఒక్కో గాజు పలక మీదా ఆగుతూ వెళ్లింది. పదో దాని దగ్గర నా ముఖం చూశాడు. ఇరవయ్యో దాని దగ్గర పెద్దగా నవ్వాడు. పాత నవ్వు, స్టేషన్ దద్దరిల్లే నవ్వు. అత్త గరిటెతో పరుగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను. ఇరవయ్యీనా అంది. ఇరవయ్యీ అన్నాను. ఒక్కటి కూడా తప్పు లేదా అంది. ఒక్కటి కూడా లేదత్తా. గరిటె పెట్టడానికి చోటు దొరక్క నా చేతిలో పెట్టి ఆయన పక్కన కూలబడింది.

మావయ్య నన్ను చూపించి, కణత దగ్గర వేలు తిప్పాడు. నాకు పిచ్చి అని. అదే వేలు.

మార్చి 16, సోమవారం

ఆ పొరని తీసెయ్యడానికి పట్టింది ఒక్క లైను. రాసి, లీడ్ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఇప్పుడే చూద్దాం అన్నాడు. ఆఫీసు మొత్తం తలెత్తి చూసింది.

మా టెస్టర్‌ని అందరం అనుమానం అంటాం, దేన్నీ నమ్మదు కనక. ఆమె ముఖం మాడిపోయింది. ఆఫీసు ఫోన్లలో పని త్వరగా అవుతుందని యానిమేషన్లు ఆపేసి టెస్ట్ చేసిందట. అందుకే కన్ఫెట్టీ అక్కడ ఎప్పుడూ పడలేదు. ఆ కోపం కాస్తా కంప్లయింట్ల మీద తీర్చుకుంది, వచ్చినవన్నీ తవ్వి తీసింది. ఈ రెండు వారాల్లో బటన్ పనిచెయ్యడం లేదని తొమ్మిదిమంది రాశారు. తొమ్మిదిమందికీ, యాప్ మూసి మళ్లీ తెరవండి అని మేం జవాబిచ్చాం.

తొమ్మిదిమందీ ఇరవైకి ఇరవై చెప్పినవాళ్లే.

మెయిల్ పెడదాం అన్నాడు డిజైనర్. కుదరదన్నాను. భోజనం మానేసి నేనూ అనుమానమూ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. తప్పు మాది, మీవాళ్లు ఒక్క మాట కూడా తప్పు పలకలేదు అని చెప్పాం. ఒకావిడ స్పీకర్ ఆన్ చేసి, ఆ ముక్క మా నాన్నకి మళ్లీ చెప్పండి అంది. చెప్పాం. ఇంకోసారి అంది. మూడోసారి అనుమానమే చెప్పింది, ముక్కు ఎగబీలుస్తూ.

సాయంత్రం బోర్డు మీద మూడే మాటలు రాసుకున్నాం: వెనక, మధ్య, ముందు. ఇకమీద పొరలు ఆ మూడు చోట్లే. పెద్ద నంబర్లన్నీ తీసేశాం. మొదట నాది తీశాను.

మార్చి 19, గురువారం

మావయ్య నాలుగో పాఠంలో ఉన్నాడు. రేడియో కాస్త తగ్గింది.

మార్చి 27, శుక్రవారం

రేడియో లేదు. తలుపు సగం తెరిచే ఉంది. అత్తా నేనూ నడవలో దొంగల్లా నిలబడి, సబ్బు, దిండు, నిచ్చెన విన్నాం. దువ్వెన దగ్గర కొంచెం ఆగాడు. అదీ వచ్చింది.

ఏప్రిల్ 5, ఆదివారం

పన్నెండింటికి భోజనం. కావాలనే పన్నెండున్నరకి వెళ్లాను. మావయ్య గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. దయచేసి వినండి, అన్నాడు. ఆగాడు. మేనకోడలు, అన్నాడు. చాలాసేపు ఆగాడు. ఆలస్యంగా వచ్చుచున్నది, ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు, అన్నాడు.

ఒకటోది అత్త కుర్చీ, గరిటె కూడా దానివైపే చూపిస్తోంది. అత్త లేచి చోటిచ్చింది. వెళ్లి అక్కడే కూర్చున్నాను.