ఢిల్లీలో తిట్టుకున్నారు

ఏమయ్యా,

ఎన్నికల గొడవలో నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నువ్వు ఎవరి జెండా మోశావో ఆ ఎంపీ మొన్న పార్లమెంటులో మిర్చి ధర గురించి మాట్లాడటానికి లేచాడు. అవతలి పార్టీ ఎంపీ అడ్డం తగిలాడు. ఇద్దరూ ఒకరి తల్లిని ఒకరు తిట్టుకున్నారు. మిర్చి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి ఆ వీడియో మన ఊళ్లో అందరి ఫోన్లలోకి వచ్చింది. నీ తమ్ముడు శీను కర్ర తీసుకుని బయలుదేరాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వాళ్లూ వాళ్లూ తిట్టుకుంటే నీకేందిరా? మీ అన్న పోయింది చాలదా?"

"అన్న పోయినందుకే పోతన్నా వదినా. తప్పుకో."

నన్ను పక్కకు నెట్టి వెళ్లిపోయాడు. అవతలి పార్టీవాళ్ల వీధిలో ఎవరో విసిరిన రాయి అతని ముఖానికి తగిలింది.

ఎడమ కన్ను ఇక కనపడదని నిన్న నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు నాతో చెప్పాడు. శీనుకీ అత్తమ్మకీ ఎలా చెప్పాలో తెలియక వార్డులోకి వెళ్లి నిలబడ్డాను. అక్కడ టీవీలో, ఆ తిట్లను సభ రికార్డుల నుంచి తొలగించారని చెబుతున్నారు. శీను కట్టు లేని కంటితో అదే చూస్తున్నాడు.

"మనోడు చానా గట్టిగా ఇచ్చాడు గదా వదినా," అన్నాడు.