అక్క దాచిన పనిముట్టు

ప్రియమైన బావమరిదికి,

పంతొమ్మిదేళ్ళ కిందట రేవు ఆఫీసులో మీ అక్క చేతిలో చెయ్యేసి చెప్పావు: "నువ్వు కట్టిన మిషన్‌ను చెరపను అక్కా." నాలుగు నెలలు తిరక్కుండా చెరిపేశావు. అందులో ఓడలకు ఆటుపోట్లు చెప్పే ప్రోగ్రామును ఆమె చూపు మసకబారుతున్నా రెండేళ్ళు కూర్చుని మళ్ళీ కట్టింది. ఇప్పుడామె లేదు. మూడోసారి కట్టే మనిషి లేదు.

ముప్ఫై రెండు బిట్ల సిస్టమ్‌కు మరమ్మతులు ఇక రావట. నెలాఖరులోగా చెరిపి అరవై నాలుగు బిట్లది పెట్టమని పైవాళ్ళు అన్నారట. చెరపకు. ప్రాసెసర్‌కు రెండు భాషలూ వచ్చు, సిస్టమే పాత భాషలో ఉండిపోయింది. నడుస్తుండగానే మార్చు. ముందు సిస్టమ్ పునాది, కెర్నల్. తర్వాత పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల పక్కన కొత్తవి చేర్చు, ఆపైన పాతవి తియ్యి. మీ అక్క ప్రోగ్రాము పాత భాషలోనే ఉండనీ. కొత్త ఇంట్లో దానికో గది చాలు.

ఏం జరిగినా తెరిచి ఉన్న కమాండ్ విండో మూయకు.

ఇంకా క్షమించని
మీ బావ

*

ప్రియమైన బావకి,

కవరు చింపగానే సెగ తగిలింది. మీరు ఆరోగ్యంగానే ఉన్నారన్నమాట, సంతోషం.

నకలు తీయబోతే పాత డిస్కు సగంలో మొరాయించింది. ఉన్నది ఇదొక్కటే. కెర్నల్ మార్చి, గుండె చిక్కబట్టుకుని రీబూట్ చేశాను. లేచింది! పునాది కొత్తది, పైన ఇల్లంతా పాతది. అక్క ప్రోగ్రాము ఏమీ ఎరగనట్టు నీటిమట్టం చెబుతోంది. ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్ తొంగిచూసి, "ఏంటి సార్, దేవుడు కనబడ్డట్టు నోరు తెరిచారు?" అన్నాడు. "కనబడ్డాడయ్యా, నువ్వే అడ్డొచ్చావు" అన్నాను.

మీ తిట్లకు అలవాటుపడ్డ
బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

మురిసిపోకు. నడిసంద్రంలో పలకలన్నీ మారిస్తే అది పాత ఓడేనా అని పండితులు పుస్తకాల నిండా కొట్టుకున్నారు. అన్నీ చదివాను, ఒక్కడూ సుత్తి పట్టినవాడు కాదు. నువ్వు పట్టావు. అందుకే భయం.

మూల లైబ్రరీ మీదే ప్రతి కమాండూ నిలబడుతుంది. కొత్తది కుదురుకోకముందే పాతది తీయబోతే సిస్టమ్ హెచ్చరిస్తుంది. "అవును, నేను చెప్పినట్టే చెయ్యి" అని మొత్తం వాక్యం టైపు చేయమంటుంది. చేయకు. అంత తెలివితక్కువ పని చేయడానికి నీలాంటివాడే కావాలి.

మీ బావ

*

బావా,

చేశాను. తీసేవాటి జాబితా పొడుగ్గా ఉంటే కిందదాకా చదవలేదు.

ఆ తర్వాత ఏ కమాండ్ ఇచ్చినా లేదనే జవాబు. కానీ అప్పటికే మెమరీలోకి ఎక్కి ఉన్న విండో, అక్క ప్రోగ్రాము మాత్రం ఆగలేదు. కాళ్ళ కింద నేల తీసేసినా నడుస్తున్నాయి బావా! ఆపితే ఇక లేవవు. విండోకు సొంతంగా వచ్చిన రెండు మూడు మాటలతో ఫోల్డర్లు తడుముకుంటూ వెళ్ళాను. అక్క ఫోల్డర్లో ఏ లైబ్రరీ అక్కర్లేకుండా పనిచేసే చిన్న పనిముట్టు దొరికింది. దాంతోనే మూల లైబ్రరీని తిరిగి పెట్టాను. ఒక్కొక్క కమాండూ ప్రాణం పోసుకుంది. సాయంత్రానికి సిస్టమ్ అంతా అరవై నాలుగు. ఆటుపోట్ల లెక్క ఒక్క నిమిషం తప్పలేదు.

ఆ ఫోల్డర్లోనే, పనిముట్టు పక్కన, అక్క టైపు చేసి పెట్టిన చీటీ ఉంది: "తమ్ముడూ, మీ బావ చేసిన పొరపాటు ఏదో ఒకరోజు నువ్వూ చేస్తావు. అప్పటికి ఇది. ఆయనకు మాత్రం చెప్పకు."

ఇక దాచలేను. మొదటి మిషన్‌లో పాతవి తీయబోయి ఆ వాక్యం టైపు చేసింది మీరు. అది నడుస్తూనే ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని ఇంటికెళ్ళారు. మర్నాడు నేను రీబూట్ చేస్తే లేవలేదు. కమాండ్ల చిట్టా అక్కా నేనూ చూశాం. "ఆయన తట్టుకోలేరురా, నీ మీదేసుకో" అంది. చిట్టాతో సహా మిషన్ అంతా చెరిపేశాను.

మీ
బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ వాక్యం టైపు చేసిన వేళ్ళు ఇవే. గుర్తొచ్చింది. నేనూ కిందదాకా చదవలేదు.

నిన్ను పంతొమ్మిదేళ్ళు తిట్టాను. మాట తప్పినవాడివని పెళ్ళిళ్ళలో, చావుల్లో, నలుగురిలో. నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఆమె నా పక్కనే కూర్చుని, నేను పాడుచేసిందాన్నే మళ్ళీ కడుతూ, నా తిట్లన్నీ వింది. కాళ్ళ కింద నేల లేకుండా నడిచింది మిషన్ ఒక్కటే కాదు, నేను కూడా. కిందనుంచి మోసింది ఎవరో ఇవాళ తెలిసింది.

నీ మీద కోపం లేదు. రేపు బండెక్కుతాను, ఆ చీటీ నా కళ్ళతో చూడాలి. కానీ ఒకరిని మాత్రం ఇప్పటికీ తప్పుపడతాను. క్షమాపణ అడిగే వీలైనా ఇవ్వకుండా వెళ్ళిపోయిన మనిషిని.

మీ అక్కని.