సాంబ్రాణి వాసన

మంగళవారం, రాత్రి

చెల్లి ఇంకా ఐసీయూలోనే ఉంది. దాని బిడ్డ నా పక్కన నిద్రపోతోంది.

కాన్పై వారం కూడా కాలేదు. పొద్దున చెల్లి చలితో వణికిపోతుంటే అమ్మ ఇంకో దుప్పటి కప్పింది. "పాలు పడతా ఉండాయి, పాలజ్వరమే. బాలింతను ఆడికీ ఈడికీ తిప్పబాకండి, గాలి తగలకూడదు" అంది. నేనూ సరేననుకున్నాను. మధ్యాహ్నం బిడ్డను అందిస్తే, "ఎవురి బిడ్డక్కా ఇది?" అనడిగింది చెల్లి. పడుకునే రొప్పుతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. అమ్మ అరుస్తున్నా వినకుండా ఆటో పిలిచాను. మాధవరం ట్రాఫిక్‌లో అది కదిలితేగా!

డాక్టరమ్మ చూసీ చూడగానే సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించింది. గర్భసంచిలో మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందట. సెప్సిస్ అంది. "రక్తస్రావం ఇంత చెడు వాసన వస్తుంటే ఇంట్లో ఎవరికీ తెలియలేదా?" అని ఈ ఊరి తమిళంలో అడిగింది.

పూటపూటకీ ఆ గదిలో సాంబ్రాణి పొగ వేసింది అమ్మా, నేనూ.

బీపీ నిలబడితేగానీ ఏమీ చెప్పలేనంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి కిటికీలన్నీ తెరిచాను. బిడ్డ పొత్తిగుడ్డల్లో, నా జుట్టులో, ఆ సాంబ్రాణి వాసన ఇంకా పోవడం లేదు.