మార్లీన్ సర్టిఫికెట్‌ను ఎంతమంది చూశారు?

క్రేన్ లేక్, సస్కాచెవాన్
మార్చి 3

కాలేజీ సర్టిఫికెట్ల విభాగంలో ఈ ఉత్తరం ఎవరి బల్ల మీద పడితే వారికి,

నా పేరు మార్లీన్ వోరోబెట్స్. వయసు యాభై ఏడు. మా ఊరి వృద్ధాశ్రమం వంటగదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. చదువు తొమ్మిదో తరగతితో సరి. అలాంటిదాన్ని ఈ చలికాలం ఇంట్లో కూర్చునే మీ ఆరు వారాల కోర్సు పూర్తిచేశాను. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళను చూసుకోవడం ఎలాగో నేర్పే కోర్సు. సర్టిఫికెట్‌ను మీరు నా ఫోనులోని డిజిటల్ వాలెట్‌లో వేశారు. అబ్బ, ఏం వస్తువండీ అది! ఎవరికి చూపించాలో నా ఇష్టం. వాళ్ళు దాని కోడ్‌కి ఫోను ఆనిస్తే చాలు, నా పేరు, నేను నేర్చుకున్నది, కింద "ఇది నిజం" అంటూ ఆకుపచ్చ టిక్కు. కాయితం పట్టుకుని తిరగక్కర్లేదు, కాలేజీకి ఫోన్ చేసి అడగక్కర్లేదు. నాకూ చదువొచ్చని నా తరఫున ఒకరు చెప్పడం ఇదే మొదటిసారి.

నిన్న ఆ టిక్కు పోయి ఎర్రగీత వచ్చింది. నిలిపివేశారట, అభ్యంతరాలుంటే సంతకం చేసి తపాలాలో పంపాలట. మా మేనేజరు కోలెట్ బుషార్ గారు ఈ నెల ఇరవై, శుక్రవారం నాడు ఆ టిక్కు చూసి నన్ను వంటగదిలోంచి సంరక్షణ పనిలోకి మార్చాలి. ఆ రోజు టిక్కు లేకపోతే ఆ ఉద్యోగం బయటివాళ్ళకు పోతుంది. దయచేసి త్వరగా చూడండి.

ఇట్లు,
మీ ఆరు వారాల విద్యార్థిని,
మార్లీన్

తా.క.: ముందు ఫోన్ కూడా చేశాను. నలభై నిమిషాలు వేణువు వినిపించారు. బాగానే వాయించాడు కానీ, పొయ్యి మీద నా బంగాళాదుంపలు మాడిపోయాయి.


రెజైనా
మార్చి 7

గౌరవనీయులైన వోరోబెట్స్ గారికి,

మీ ఉత్తరం అందింది. మామూలుగా ఒక సర్టిఫికెట్‌ను ముగ్గురో నలుగురో తనిఖీ చేస్తారు. మీది ఐదు వారాల్లో నూట నలభై మూడుసార్లు తనిఖీ అయింది. అన్నీ మీ ఊరి నుంచే. మీ ఊరి జనాభా నూట తొంభై అని మా దగ్గరున్న సమాచారం. మీ సర్టిఫికెట్‌ను ఇతరులు తమదిగా చూపించుకుంటున్నారేమోనన్న అనుమానంతో దాన్ని ఆపవలసి వచ్చింది. ఎవరెవరికి ఇచ్చారో జాబితా పంపగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ట్రెవర్ లాంగ్‌మ్యూర్,
పరిశీలనాధికారి

తా.క.: ఒక ట్యాబ్ నుంచి రోజూ ఉదయం ఎనిమిదీ పదికి తనిఖీ జరుగుతోంది. మేము ఆపేశాక కూడా అది ఆగలేదు. ఆ ట్యాబ్ ఎవరిదో తప్పక తెలియజేయాలి.


క్రేన్ లేక్
మార్చి 11

ట్రెవర్ గారికి,

తప్పయిపోయిందండీ. చూసినకొద్దీ అది అరిగిపోతుందని నాకెవరూ చెప్పలేదు!

జరిగింది ఇది. మా ఆయన వాల్టర్ ఆ కోడ్‌ను పెద్దగా అచ్చువేయించి ట్రక్కు వెనకద్దానికి అంటించాడు. ట్రక్కు కోఆప్ దుకాణం ముందు ఆగింది. అక్కడ పొద్దున్నే కాఫీకి చేరే రైతులు వరసగా ఫోన్లు తీశారు. "మార్లీన్‌కి చదువేంటి? ఏదీ, చూడనీ" అన్నాడట రస్ డిల్‌మన్. టిక్కు చూసి "ఓరి నాయనో, నిజమేరా!" అని పక్కవాణ్ణి పిలిచాడట. వాడు ఇంకొకణ్ణి. కర్లింగ్ ఆట క్లబ్బు గోడ మీద కూడా ఒకటి పెట్టారు. చర్చి విందుకి చేసిన పెరోగీల, అదే మా బంగాళాదుంప కుడుముల, డబ్బాల మీద మా ఆడపడుచు ఏకంగా నలభై అంటించింది. నమూనాకి ఒక డబ్బా పంపుతున్నాను.

ఇప్పుడు ఊరంతా తిరిగి అన్నీ పీకేశాం. చూసినవాళ్ళందరిచేతా "ఇక చూడము" అని రాయించి సంతకాలు పెట్టించాను. నూట ఆరు కాయితాలు ఇందులోనే ఉన్నాయి. రస్ తన ఆవుల గురించి ఏదో రాశాడు, అది పట్టించుకోకండి.

ఆ ట్యాబ్ ఎవరిదో మాత్రం చెప్పలేను. ఒకరి సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని మీ మూడో పాఠంలో ఉంది. ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

ఇట్లు,
పశ్చాత్తాపంతో,
మార్లీన్

తా.క.: అరిగిన టిక్కుని మళ్ళీ నింపాలంటే ఇంకోసారి పరీక్ష రాస్తాను. ఐదో పాఠం ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతాను.


రెజైనా
మార్చి 16

మార్లీన్ గారికి,

ఎంతమంది చూసినా టిక్కు అరగదండీ. పదిమందీ చూడటానికే దాన్ని పెట్టుకున్నాం.

చిక్కల్లా మీరు పంపిన సంతకాలతో వచ్చింది. మా విచారణ సంఘం వాటిని "నూట ఆరుగురి నేరాంగీకారం" అని ఫైలు చేసింది. డిల్‌మన్ గారు "నా ముప్పై రెండు ఆవులకీ ఇలాంటిదొకటి కావాలి, బేరం మాట్లాడుకుందాం" అని రాశారు. దాంతో ఆయన్ను ముఠా నాయకుడిగా రాసుకున్నారు. మీరు ట్యాబ్ యజమాని పేరు దాచడం దీనికి తోడైంది. సంఘం శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటుంది. ఈలోగా నేను చేయగలిగింది లేదు. క్షమించండి.

ఇక ఆఫీసుతో సంబంధం లేని మాట ఒకటి. పన్నెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఒకరి సర్టిఫికెట్ చూసి ఊరు ఊరంతా సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు. మీరంటే నాకు చాలా గౌరవం కలిగింది.

ఇట్లు,
ట్రెవర్

తా.క.: మీరు పంపిన పెరోగీ డబ్బాను సంఘం సభ్యులు క్షుణ్ణంగా పరిశీలించారు. సాక్ష్యం మిగల్లేదు.


క్రేన్ లేక్
మార్చి 21

ట్రెవర్ బాబూ,

ట్యాబ్ సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. "రాసెయ్ మార్లీన్" అని ఆవిడ కూతురే అనుమతిచ్చింది. అది మా ఆశ్రమంలో ఉండే ఎడ్నా ప్రెండర్‌గాస్ట్ టీచరుగారిది. ఆవిడకి తొంభై ఒకటి. ఎనిమిదో తరగతిలో నాకు పాఠాలు చెప్పిందీ, "నీకు చదువు అబ్బదు" అన్నదీ ఆవిడే. ఇప్పుడు నిన్నటిది ఇవాళ గుర్తుండదు. నేను పొద్దున్నే జావ తీసుకెళ్తే నా ఏప్రన్ మీది కోడ్ చూసి "ఏమిటది?" అంటారు. అదొక్కటీ నేను పీకలేదు. "సర్టిఫికెట్ టీచర్." "నీకా? ఏదీ, చూడనీ!" అని ట్యాబ్ ఆనిస్తారు. టిక్కు రాగానే "శభాష్ మార్లీన్!" అంటారు. రోజూ ఆవిడకి అది మొదటిసారే. చిన్నప్పుడు ఒక్కసారి కూడా అనలేదు ట్రెవర్. ఇప్పుడు రోజూ అంటుంటే నేనెలా ఆపుతాను? ఎర్రగీత వచ్చిన దగ్గర్నుంచి మాత్రం "ఎవరిది చూసి రాశావ్?" అని నిలదీస్తున్నారు.

నిన్న పదింటికి కోలెట్ గారు హాల్లోకి వచ్చి నా ఫోను చూశారు. ఎర్రగీతే. "నిబంధన, మార్లీన్. నేనేం చేయను?" అన్నారు. పక్క కుర్చీలో ఉన్న టీచరుగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మిషనుకి తెలియకపోతే నేనడుగుతాను. నిలబడు. సస్కాచెవాన్ నది ఎక్కడ పుడుతుంది?"

"రాకీ పర్వతాల్లో, టీచర్."

"ఊఁ. కూర్చో."

రెండు నిమిషాలైంది. "నిలబడు. సస్కాచెవాన్ నది ఎక్కడ పుడుతుంది?" అన్నారు మళ్ళీ. అరగంటలో పద్నాలుగుసార్లు అడిగారు. ప్రతిసారీ అప్పుడే విన్నదానిలా లేచి నిలబడి చెప్పాను. తొమ్మిదోసారి నాకు ఏడుపొచ్చింది. "తెలియకపోతే తెలియదను, ఏడవకు" అన్నారు. కళ్ళు తుడుచుకుని చెప్పాను.

కోలెట్ గారు అంతసేపూ అలాగే నిలబడి చూశారు. తర్వాత కలం తీసి నన్ను సంరక్షణ పనిలోకి మార్చే కాయితం మీద సంతకం చేశారు. "ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏ కాలేజీ పెడుతుంది? సోమవారం నుంచి వచ్చెయ్" అన్నారు.

మీ టిక్కు రెండున్నరకి వచ్చింది. ఊళ్ళో అందరూ మళ్ళీ చూసుకున్నారు. మీ సంఘానికి నా నమస్కారాలు చెప్పండి, మీకు మాత్రం వేరేగా చెబుతున్నాను.

ఇట్లు,
మీ మార్లీన్,
సంరక్షకురాలు (సోమవారం నుంచి)

తా.క.: ఈ రోజు తనిఖీ జరగలేదని కంగారుపడకండి. పొద్దున టీచరుగారికి కోడ్ చూపిస్తే ట్యాబ్ పక్కకి నెట్టేశారు. "మళ్ళీ చూడటమెందుకు? నిన్న నేనే నిన్ను పాస్ చేశాను కదా" అన్నారు.